ముప్ఫై ఒక్క టోస్టర్ల అల్సీద్

ఏ రాజు ఏ రోజున గద్దెనెక్కాడో, ఏ సంధి ఏ బల్ల మీద కుదిరిందో పూసగుచ్చినట్టు రాసిపెట్టిన చరిత్రకారులు, ఎవ్రార్‌విల్ పట్టణవాసి అల్సీద్ వాషోన్ రోజూ సాయంత్రం నాలుగింటికి అయిదు నిమిషాల ముందు చేసే పని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. ఇది చిన్న లోటు కాదు. ఆ వేళకు చేతిలో ఏ పనున్నా సరే, ఆయన దాన్ని వదిలేసి నేలమాళిగలోకి దిగేవాడు. గోడ పొడవునా ఉన్న చెక్క అరల ముందు నిలబడి, రెండు అరచేతులూ మధ్య అరకు ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. నాలుగు దాటి రెండు నిమిషాలయ్యాక చేతులు తీసేసేవాడు. ఈలోగా ఏమీ జరిగేది కాదు. ఆయన మళ్ళీ పైకి వచ్చి సూప్‌లో ఉప్పు సరిపోయిందో లేదో చూసేవాడు.

ఒకప్పుడు ఈ పని ఊరంతా చేసేది. సరిగ్గా నాలుగింటికి గనిలో మందు పేల్చేవాళ్ళు. ఇల్లాళ్ళు గాజుసామాను పట్టుకునేవాళ్ళు, మంగలి గడ్డం కింది కత్తిని ఒక జానెడు పైకెత్తి ఆగేవాడు, పళ్ళ డాక్టరు తన యంత్రం ఆపి కిటికీలోంచి చూసేవాడు. నేల ఒకసారి ఒళ్ళు విరుచుకునేది. తర్వాత అందరూ ఆపిన చోటి నుంచి మొదలుపెట్టేవాళ్ళు. మూడేళ్ళ కిందట గని మూతపడింది. ఊరి చేతులన్నీ ఒళ్ళో పడ్డాయి, అల్సీద్ చేతులు తప్ప. అవి ఇంకా టోస్టర్లను కాపాడుతూనే ఉన్నాయి.

టోస్టర్లు ముప్ఫై ఒకటి. వాటిలో రెండు రెక్కల తలుపులున్నవి, రొట్టెను చేత్తో తిప్పాల్సినవి, అద్దంలా మెరిసే నికెల్ పూత వేసినవి, తన తల్లి కాలం నాటివి ఉన్నాయి. నేలమాళిగకు ఉన్న ఒక్క చిన్న కిటికీ, బయట మంచు ఎంత ఎత్తు పడితే అంత మేర మూసుకుపోయేది. మంచులోంచి వడకట్టుకుని వచ్చే ఆ పాలనీలి వెలుగులో టోస్టర్లు నీళ్ళ అడుగున నిద్రపోతున్న చేపల్లా కనిపించేవి. ఆయన ముఖం ముప్ఫై ఒక్క చోట్ల, ఒక చోట పొడుగ్గా, ఒక చోట పొట్టిగా కనిపించేది. ఒక్కొక్కదాన్నీ దించి, తలకిందులు చేసి, తుక్కు పోయేలా గట్టిగా ఊది, మళ్ళీ పెట్టేవాడు.

వాటి మీద ఆయనకున్న ప్రేమకు ఒక కారణం ఉంది. వాటి కడుపులో తన ఊరి రాయి ఉందని ఆయన నమ్మకం.

ఆ రాయి మామూలు రాయి కాదు. పగలగొడితే లోపల పట్టుదారం ఉంటుంది. లోకం దాన్ని ఆస్బెస్టాస్ అంటుంది, బడిపుస్తకాలు రాతినార అంటాయి, ఎవ్రార్‌విల్ వాళ్ళు ఉత్త 'నార' అంటారు, ఇంట్లో మనిషిని పిలిచినట్టు. ముప్ఫై ఆరేళ్ళు అల్సీద్ పని ఆ నారను తరగతులుగా విడదీయడం. బస్తాలోంచి చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, సాగదీసి, "మూడు" అనో "అయిదు" అనో "ఏడు" అనో చెప్పేవాడు. మూడంటే పొడుగు దారం, బట్ట నేయడానికి పనికొచ్చేది. ఏడంటే పొడి. ఆయన మూడు అన్నాక ప్రయోగశాల యంత్రం కూడా కాసేపు ఆలోచించి మూడే అనేది. కంపెనీ జీతం ఇచ్చింది ఆ బొటనవేలికి. మిగతా మనిషి దానికి తోడుగా వచ్చేవాడు.

ఆయన చిన్నప్పుడు జూలైలో కూడా మంచు పడేది. మిల్లు మీంచి గాలి ఇటు తిరిగితే తెల్లటి మెత్తటి నూగు మెల్లగా, ఎవరినీ కదిలించకుండా, దండెం మీది దుప్పట్ల మీదా బంగాళాదుంప మడుల మీదా నిద్రపోయే కుక్క మీదా దిగేది. తల్లి దుప్పట్లు దులిపేది. నూగు లేచి ఎండలో కాసేపు బంగారంలా వేలాడి మళ్ళీ ఆమె జుట్టు మీదే కూర్చునేది. పిల్లలు కార్ల మీద వేళ్ళతో పేర్లు రాసేవాళ్ళు. గని తోడిపోసిన బూడిదరంగు గుట్టల మీంచి అట్టముక్కల మీద కూర్చుని జారేవాళ్ళు. అల్సీద్ కలలన్నీ ఇప్పటికీ ఆ తెలుపులోనే జరుగుతాయి. ఎవరు ఎవరితో ఏం మాట్లాడినా వాటిలో చప్పుడుండదు.

ఇంట్లో నార ఎక్కడెక్కడుందో చెప్పుకోవడం ఆ ఊళ్ళో వంశం చెప్పుకోవడం లాంటిది. అటక నిండా నాలుగో తరగతి నార పరిపించానని ఒకరంటే, మా వేడినీళ్ళ గొట్టాలకు అంగుళం మందాన చుట్టించామని ఇంకొకరనేవాళ్ళు. అల్సీద్‌కు పిల్లనిచ్చిన మామ తన అటక గురించి పెళ్ళివిందులో రెండుసార్లు ప్రసంగించాడు. రెండోసారి ఎవరూ అడగలేదు. ఆ ఇల్లే తర్వాత అల్సీద్‌కూ భార్య లోరెట్‌కూ వచ్చింది.

కూతురు మరీజ్ రెండు వీధుల అవతల ఉంటుంది, గ్రంథాలయంలో పని. మొదటి కొడుకు ఎలోయ్ పుట్టినందుకు తీసుకున్న సెలవు మే మొదటి సోమవారంతో అయిపోతుంది. ఆ రోజు నుంచి పగలంతా పిల్లవాణ్ణి అమ్మమ్మ లోరెట్ చూసుకోవాలని, వాడు కడుపులో ఉండగానే నిర్ణయమైపోయింది. అల్సీద్ ఈ విషయంలో పైకి ఏమీ అనలేదుగానీ, మెట్ల దగ్గర చిన్న చెక్క గేటు ఒకటి చేసి, దానికి మూడుసార్లు రంగు వేశాడు.

మార్చి చివర ఒక ఆదివారం, బఠాణీ సూప్ ముందు కూర్చుని, మరీజ్ ఇల్లు పరీక్ష చేయించాలంది. పరీక్ష చేయించాకే పిల్లవాణ్ణి ఇక్కడ వదులుతానంది.

"దేనికి పరీక్ష?" అన్నాడు అల్సీద్.

"దేనికో నీకు తెలుసు నాన్నా."

"నువ్వు ఈ నేల మీదే పాకావు."

"అందుకే అడుగుతున్నా."

లోరెట్ చెంచా కింద పెట్టలేదు. "ముసలోడా, నీ మనవడికీ నీ సామానుకీ పోటీ పెట్టకు. సామాను ఓడిపోతుంది."

అల్సీద్ ఓవిలా ప్రస్తావన రాకముందే తానే తెచ్చాడు. ఓవిలా పక్కింటివాడు, మిల్లులో ఆయన పక్క బల్లవాడు. రెండు చలికాలాల కిందట ముక్కుకు గొట్టం పెట్టుకుని, కిటికీ దగ్గర కుర్చీలో, ఊపిరి కోసం వెతుక్కుంటూ పోయాడు. అల్సీద్ లెక్క ప్రకారం ఓవిలా చుట్టలు కాల్చేవాడు, కారణం అదే. ఓవిలా సంవత్సరానికి ఒక చుట్ట కాల్చేవాడు, క్రిస్మస్ రోజున, అదీ సగం. ఈ సంగతి బల్ల దగ్గరున్న ముగ్గురికీ తెలుసు. సూప్ చల్లారింది.

చివరికి అల్సీద్ ఒప్పుకున్నాడు. పరీక్షకు భయపడి కాదని, ఆ వచ్చేవాళ్ళకు దారి చూపించేవాడు ఒకడుండాలి కాబట్టి అని ఆయన ఉద్దేశం.

ఏప్రిల్‌లో, మంచు కరిగి వీధులు కాలవలైన రోజున, జోసియాన్ మార్కూ అనే అమ్మాయి పరీక్షకు వచ్చింది. తెల్లటి తొడుగు, చేతులకు గ్లౌజులు, ముఖానికి పెద్ద ముసుగు, ఒక నీళ్ళ పిచికారీ. అల్సీద్‌ను మేడ మీద కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. అయితే ఇది కట్టుకోండంటూ ఒక ముసుగిచ్చింది. ఆయన దాన్ని నుదుటి మీద పెట్టుకుని ముందు నడిచాడు.

అక్కడి నుంచి అది పరీక్షలా కాక గుళ్ళో స్థలపురాణం చెప్పినట్టు సాగింది. అటకలో నాలుగో తరగతి, యాభై ఒకటిలో మా మామగారు పోయించింది. గొట్టాలకు అయిదు. నేల పలకల్లో ఏడు, రంగులో కలిపేసి ఉంటుంది, కంటికి ఆనదు. టోస్టర్లలో అన్నింట్లోనూ ఉంది. చూడక్కర్లేదు, రాసుకో అమ్మాయ్ అన్నాడు. చూసి చెప్పలేమని, సూక్ష్మదర్శిని కింద పెడితేగానీ ఎవరికీ తెలియదని జోసియాన్ మర్యాదగా చెప్పింది. ఎవరికీ అన్న మాట ఆయనకు నచ్చలేదు. గొట్టం చుట్టు ఒక చోట పిగిలి ఉంటే, అక్కడి నుంచి చిటికెడు లాగి, ఆమె కళ్ళముందే నలిపి, సాగదీశాడు. కిటికీ వెలుగులో దారం సాలెపురుగు పోగులా ఊగింది. ఎంతో అందంగా ఉంది.

"వాషోన్ గారూ," అంది ఆమె, గొంతు పెంచకుండా. "చెయ్యి అక్కడే ఉంచండి. కదపకండి. ఊపిరి మెల్లగా."

ఆమె దగ్గరకొచ్చి ఆయన ముసుగును నుదుటి మీంచి ముక్కు మీదకు దించింది. వేళ్ళ మీద నీళ్ళు చల్లి, తడిగుడ్డతో ఒక్కొక్క వేలూ తుడిచి, ఆ గుడ్డను సంచిలో వేసి, సంచిని ఇంకో సంచిలో వేసి, మూతి బిగించి, పైన పేరు రాసింది. అరవై డెబ్బై ఏళ్ళలో ఆ వేళ్ళను ఎవరూ అంత జాగ్రత్తగా తుడవలేదు. చిన్నప్పుడు జామ్ తిన్నాక తల్లి తుడిచింది, అంతే.

తర్వాత ఆమె విడమరచి చెప్పింది. చెక్కుచెదరకుండా, రంగు కింద, కదలకుండా ఉన్నంతసేపు నార పడుకునే ఉంటుంది. గీకినా, విరిచినా, రంపం పెట్టినా, దులిపినా లేస్తుంది. లేచింది కంటికి కనబడదు. గంటల తరబడి గాల్లోనే ఉంటుంది. పీల్చిన ముప్ఫై నలభై ఏళ్ళకు జబ్బు బయటపడుతుంది. అందుకని పొడిగా ఊడవకూడదు, ఇంట్లో వాడే దుమ్ముపీల్చే యంత్రం పెట్టకూడదు, పాత టోస్టర్లనూ ఇస్త్రీపెట్టెలనూ విప్పకూడదు.

"మీరు వీటిలో తుక్కు ఎలా తీస్తారు?"

"ఊదుతాను."

ఆమె రాసుకుంది. ఒక్క మాటకు అంతసేపు ఎందుకు రాస్తోందో అల్సీద్‌కు అర్థం కాలేదు. తన పద్ధతి మెచ్చుకుంటోందేమో అనుకున్నాడు.

టోస్టర్ల నమూనాలకు ముప్ఫై ఒక్క చిన్న సంచులు, అటకకూ గొట్టాలకూ నేలకూ మూడు సంచులు కట్టుకుని వెళ్ళింది. ఫలితం రావడానికి పది రోజులంది.

ఆ పది రోజుల్లో ఒక మధ్యాహ్నం, రేడియో పక్కన కుర్చీలో కునుకు పడితే, అల్సీద్‌కు కల వచ్చింది. మిల్లులో బల్ల దగ్గర రాయిలోంచి పోగు లాగుతున్నాడు. పోగు తెగడం లేదు. అది మిల్లు తలుపు దాటి, గుట్టల మీంచి, గనిలో నిండిన ఆకుపచ్చ నీళ్ళ మీంచి, వీధిలోంచి తన ఇంట్లోకి పోతోంది. లోపల కిటికీ దగ్గర ఓవిలా కూర్చుని ఆ పోగుతోనే అల్లుతున్నాడు. ఊలు సూదులు చప్పుడు చేయడం లేదు. అల్లింది చిన్న తెల్ల స్వెటర్. మూడో తరగతి నార, అంత మెత్తటి పోగు అల్సీద్ జన్మలో చూడలేదు. బాగుందిరా అనబోయాడు. ఓవిలా స్వెటర్ ఎత్తి పట్టుకుని, దాంట్లో ఇమిడే ఒళ్ళు కోసం చుట్టూ చూస్తున్నాడు.

మెలకువ వచ్చేసరికి రేడియోలో వాతావరణం చెబుతున్నారు. కలను ఆయన ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ సాయంత్రం నాలుగింటికి నేలమాళిగలోకి దిగలేదు. లోరెట్ గమనించింది. గమనించినట్టు తెలియనివ్వలేదు.

కాగితం గురువారం వచ్చింది. లోరెట్ బల్ల దగ్గర కూర్చుని పైకి చదివింది. అటక: రంపపు పొట్టు, పాత వార్తాపత్రికలు. నార లేదు.

"మళ్ళీ చదువు," అన్నాడు అల్సీద్.

మళ్ళీ చదివినా పొట్టే. ఎవ్రార్‌విల్‌లో, గని నోటికి రెండు మైళ్ళ దూరంలో, పెళ్ళిలో రెండుసార్లు పొగిడిన అటకలో రంపపు పొట్టు. అటక సురక్షితమని ఇంకో ఊళ్ళో అయితే పండగ చేసుకునేవాళ్ళు. ఆ ఊరివాడు కాబట్టి అల్సీద్ తన ఇంటి పరువు పోయినట్టు కూర్చున్నాడు.

"నువ్వెప్పుడైనా ఎక్కి చూశావా?" అంది లోరెట్.

"మీ నాన్న మాట ఉంది కదా."

"నలభై నాలుగేళ్ళు?"

"మీ నాన్న గట్టిగా చెప్పేవాడు."

గొట్టాల చుట్టులో ఉంది, అది లైసెన్సున్న మనుషులు వచ్చి తీయాలి. నేల పలకల్లో ఉంది. పగలకుండా ఉన్నాయి కాబట్టి పీకకుండా మీద కొత్త నేల పరిస్తే చాలు. ఇక టోస్టర్లు. ముప్ఫై ఒకటిలో ఇరవైకి ఏమీ లేదు, లోపల అభ్రకం రేకులే. పదకొండింట్లో ఉంది. లోరెట్ ఆ పదకొండు నంబర్లూ చదువుతుంటే అల్సీద్ వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. రెండు తయారైన నాటి నుంచే అలా ఉన్నవి. మిగతా తొమ్మిదీ ఆయనకు బాగా తెలుసు. తీగ తెగిందనో అట్ట మాడిందనో తాను విప్పి, మిల్లు నుంచి తెచ్చుకున్న నారతాడు, నారఅట్ట పెట్టి బాగుచేసినవి. చేసినవాడు శుభ్రంగా చేసి పంపాడు. అల్సీద్ మెరుగుపరిచాడు.

"తొమ్మిదింట్లో పెట్టింది నేనే," అన్నాడు.

లోరెట్ కాగితం మడిచింది. మరీజ్‌కు కబురు చేద్దాం, గొట్టాలు తీసేశాక పిల్లవాణ్ణి తేవచ్చు, ఇంకా మూడు వారాలుంది అంది. ఆమెకు బరువు దిగిపోయింది. అల్సీద్ మాత్రం లేచి కోటు వేసుకున్నాడు. జోసియాన్ వదిలి వెళ్ళిన దళసరి సంచులు రెండు, పిచికారీ, తడిగుడ్డ తీసుకున్నాడు. ఎక్కడికి ముసలోడా అంటే చెప్పలేదు. ముసుగు ఈసారి ముక్కు మీదే కట్టుకుని బయల్దేరాడు. అలా ముసుగుతో నడుస్తుంటే, తన జీవితమంతా నోరు తెరుచుకుని తిరిగిన వీధిలో, రొట్టెల కొట్టు ఆమె ఆయన్ని పోల్చుకోలేక పలకరించలేదు.

పరీక్ష చేసిన ముప్ఫై ఒకటీ ఆయన ఇంట్లోవి. ముప్ఫై రెండోది అక్కడ లేదు. అది మరీజ్ వంటింట్లో, కిటికీ పక్కన, పిల్లవాడి ఎత్తు కుర్చీకి మూరెడు దూరంలో ఉంది. పెళ్ళికి ఆయనే ఇచ్చాడు. రోజూ పొద్దున అందులోనే రొట్టె కాలుతుంది. కాగితంలో దాని మాట లేదు, ఎవరూ అడగరు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే, తండ్రి ఇల్లు ప్రమాదమని పిల్లవాణ్ణి వారాల తరబడి ఆ ఇంటికి దూరంగా ఉంచిన మరీజ్‌కు, ప్రమాదాన్ని తండ్రే రిబ్బను కట్టి ఇంటికి పంపాడని తెలుస్తుంది. తర్వాత ఎలోయ్‌ని ఆ చేతుల్లో పెడుతుందో లేదో. రెండు వీధులూ నడిచినంతసేపూ కరిగిన మంచు పక్కనే పారుతూ వచ్చింది. ఆకాశం ఉతికిన దుప్పటిలా ఉంది. ఇంతకుముందెన్నడూ ఆ దూరం అంత పొడుగని ఆయనకు అనిపించలేదు.

తలుపు తీసిన మరీజ్ చంకలో పిల్లవాడున్నాడు. తాత ముసుగు చూసి నవ్వాడు.

"వాణ్ణి తీసుకుని పెరట్లోకి పో," అన్నాడు అల్సీద్. "టోస్టర్ తీసుకెళ్ళడానికి వచ్చా."

మరీజ్ ముందు ముసుగును చూసింది, తర్వాత సంచులను చూసింది. అడగాల్సినదంతా ఆ చూపులోనే అడిగేసింది. "దాంట్లో కూడానా నాన్నా?"

"దాంట్లో మంచిది పెట్టా. మూడో తరగతి." ఆయన గొంతు ముసుగులో చిన్నగా వినిపించింది. "నీకని."

ఆమె పిల్లవాణ్ణి దుప్పట్లో చుట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. ఆయన తీగ ఊడబీకి, టోస్టర్ మీద నీళ్ళు చల్లి, ఊదకుండా, వంచకుండా, పసిపాపను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి సంచిలో పెట్టాడు. సంచిని రెండో సంచిలో పెట్టాడు. బల్లను తడిగుడ్డతో తుడిచి, గుడ్డనూ లోపల వేసి మూతి బిగించాడు. పేరు రాయాలని గుర్తొచ్చి కలం అడిగాడు. మరీజ్ కిటికీలోంచి అందించింది. తన పేరే రాశాడు. ఇంకేం రాయాలో తోచలేదు.

పెరట్లోంచి మరీజ్ అంది, "ఇంకెవరికిచ్చావు?"

ఆయన చెప్పాడు. పదిహేడు ఇళ్ళు, కాగితం చూడకుండా, వీధుల వరసన. అందులో ఓవిలా భార్య ఇల్లు కూడా ఉంది. మరీజ్ రేపటి నుంచి కారులో తిప్పుతానంది. నడిచి మోస్తే చేతులు వణికి సంచులు పడేస్తావంది.

రెండు వారాలు పట్టింది. కొందరు టీ ఇచ్చారు. కొందరు టోస్టర్ ఇవ్వనన్నారు, అల్సీద్ పెట్టిన నార అంటే ఈ ఊళ్ళో నమ్మకమన్నారు. అలాంటి చోట ఆయన మెట్ల మీద కూర్చునేవాడు. తాను ఒప్పించేవాడు కాదు, లేచేవాడూ కాదు. ఓవిలా భార్య మాత్రం అడగకముందే తెచ్చి ఇచ్చేసింది. ఇచ్చి, "ఆయన చుట్ట కాల్చేవాడనేగా నువ్వనేది," అంది. కాదన్నాడు అల్సీద్. మొదటిసారి.

గొట్టాల పని మూడు రోజుల్లో అయిపోయింది. నేల మీద కొత్త పలక పడింది. సంచులన్నీ, రెండు అరల మీది ఆ పదకొండు టోస్టర్లూ, మిల్లు నుంచి తెచ్చుకున్న తాడూ అట్టా, వాటి కోసం పురపాలక సంఘం కేటాయించిన చోటికి పోయాయి. లోరెట్ మెట్ల గేటుకు గడియ బిగించింది.

మే మొదటి సోమవారం పొద్దున అల్సీద్ గడ్డం గీసుకుని, చర్చికి వేసుకునే కోటు వేసుకుని, గుమ్మంలో నిలబడ్డాడు. మనవడికి చెప్పాల్సిన మాటలు నాలుగు రోజులుగా కూడబెట్టాడు. వాటిలో రాయి గురించీ, జూలై మంచు గురించీ, ఓవిలా గురించీ, తన బొటనవేలు చేసిన తప్పు గురించీ ఉంది. మరీజ్ ఏడున్నరకు వచ్చింది. ఒక్క క్షణం ఆగి, పిల్లవాణ్ణి తన తల్లికి కాకుండా తండ్రి చేతుల్లో పెట్టింది. అల్సీద్ గొంతు సవరించుకున్నాడు.

ఎలోయ్ అప్పటికే నిద్రపోయాడు. పదింటి దాకా లేవలేదు.